ఏడు ప్రభుత్వాల మినిట్స్ రాసినావిడ

మొన్న ఆఫీసులో లంచ్ చేస్తూ ఫోన్ చూసుకుంటుంటే ఒక ఫొటో కంటబడింది. ఇటలీలో ఏదో ప్రాంతీయ ప్రభుత్వం పడిపోయి కొత్తది ప్రమాణ స్వీకారం చేసిందట. పొడుగాటి బల్ల, దాని చుట్టూ నల్లకోట్లలో తొమ్మిది మంది, అందరి ముఖాల్లోనూ కొత్త పెళ్లికొడుకుల కళ. ఫొటో అంచున, బల్ల మూల దగ్గర, తల వంచుకుని రాసుకుంటున్న ఒక ఆడమనిషి. ఆవిడ ముఖం సగం ఫొటోలోకి రాలేదు. కింద తొమ్మిది మంది పేర్లూ వేశారు. ఆవిడ పేరు వెయ్యలేదు.

డబ్బాలో అన్నం చల్లారిపోయేదాకా ఆ సగం ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటు అమ్మాయి "తెలిసినవాళ్లా?" అంది. ఈవిడ తెలియదుగానీ, సరిగ్గా అదే చోట అలాగే కూర్చున్న ఇంకొకావిడ నాకు తెలుసు.

సిడ్నీకి రాకముందు, క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో నేను వారానికి రెండు మధ్యాహ్నాలు ఆవిడ ఇంటికి పనికి వెళ్లేదాన్ని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకి మనుషుల్ని పంపే ఏజెన్సీ ఒకటి నన్ను పంపించేది. మంగళవారం, శుక్రవారం. యూనివర్సిటీలో క్లాసవగానే బస్సెక్కేదాన్ని. ఇల్లు తుడవడం, బట్టలు ఆరెయ్యడం, మందులు వేసుకుందో లేదో చూడడం. ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి. సన్నగా, నిటారుగా, చీపురుపుల్లలా ఉండేది. ఊలు కోటు జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు, రెండూ చెక్కినవే.

మొదటిరోజు తలుపు తీసి నా బ్యాడ్జి చదివి, టైం చూసి, చేతిలో నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. రెండు గంటలు పని చేసి నేను బ్యాగు తగిలించుకుంటుంటే, "కూర్చో" అంది. కళ్లజోడు పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా వచ్చే ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది.

"హాజరైనవారు: ఇంటి యజమానురాలు, ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి. గైర్హాజరు: అన్నయ్య, చనిపోయిన కారణంగా. అమ్మాయి బాత్రూమ్ కడిగింది. కిటికీ తుడవడం మర్చిపోయింది. 'రేపు తుడుస్తాను' అన్నది. రేపు బుధవారమనీ, అమ్మాయి వచ్చేది శుక్రవారమనీ ఇంటి యజమానురాలు గుర్తు చేయడమైనది." ఆగి, కళ్లజోడు పైనుంచి నా వంక చూసింది. "నువ్వన్నది ఇదేనా?"

"అవునండీ."

"సంతకం పెట్టు."

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. సంతకం పెట్టేదాకా పెన్సిల్ చాచి పట్టుకునే ఉంది. బస్టాపు దాకా నవ్వుకుంటూ వెళ్లి, రాత్రికి చీరాలలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెప్పి ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం. శుక్రవారం వెళ్లగానే కిటికీ తుడిచాను.

ఆవిడది ఇటలీ, "సిన్యోరా" అని, అంటే అమ్మగారూ అని పిలవాలని ఏజెన్సీవాళ్లు చెప్పారు, అలాగే పిలిచేదాన్ని. వంటింటి బల్లకి ఆరు కుర్చీలుండేవి. ఆవిడ మూలనున్న చిన్న కుర్చీలోనే కూర్చునేది. హీటరు పక్కన చేతుల కుర్చీ ఉంది కదా, అందులో కూర్చోండంటే "అది నా చోటు కాదు" అనేది. "నాకనిపిస్తోంది" అనే మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా వినలేదు. వాన పడేలా ఉందంటే, "ఎవరన్నారు?" అని అడిగేది.

గోడకి ఒకే ఒక్క ఫొటో. నలుపు తెలుపుది. తొమ్మిది మంది మగవాళ్లు, పెద్ద బల్ల, మూలన ఇరవై రెండేళ్ల పిల్ల, జడ చుట్టి పైకి కట్టుకుంది.

"ఎవరు సిన్యోరా వీళ్లంతా? మీవాళ్లా?"

"జూంత" అంది.

జుంటా అంటే సైన్యం తుపాకులతో దేశాన్ని పట్టుకోవడమని పేపర్లో చదివి ఉన్నాను. నా మొహం చూసి ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "తుపాకులు కాదు, కాగితాలు."

అప్పుడు చెప్పింది. ఇటలీలో ప్రాంతాలున్నాయి, మన రాష్ట్రాల్లాగ. ఒక్కో ప్రాంతానికీ ఒక సభ, ఆ సభలోంచి ఒక ప్రభుత్వం, అంటే మన మంత్రివర్గం లాంటిది. దాన్ని జూంత అంటారు. ముఖ్యమంత్రిని ప్రెసిడెంటు అంటారు. ఆవిడది కొండల్లో ఉన్న ప్రాంతం. ఆ జూంత సమావేశమైన ప్రతిసారీ మూలన కూర్చుని, ఎవరేమన్నారో రాసి, తర్వాత టైపు కొట్టి, వాళ్ల చేత సంతకాలు పెట్టించడం ఆవిడ ఉద్యోగం. పదకొండేళ్లు చేసింది. పదకొండేళ్లలో ఏడు ప్రభుత్వాలు.

"ఏడా!" అన్నాను. మా ఊళ్లో ప్రభుత్వం మారిందంటే గోడల మీద రంగులు మారతాయి, ఆఫీసుల్లో ఫొటోలు మారతాయి, మా నాన్న లాంటి గవర్నమెంటు టీచర్ల బదిలీలు మారతాయి. అలాంటివి ఏడు ఆవిడ కుర్చీ ముందునుంచి నడిచెళ్లాయి. ఆ కుర్చీ మాత్రం కదల్లేదు.

పేర్లు ఎప్పుడూ చెప్పలేదు. "పేర్లు అక్కడ గోడకి రాతిపలక మీద ఉన్నాయి, నేనెందుకు చెప్పాలి" అనేది. ఆవిడకి అవి పొడుగాయన మొదటి ప్రభుత్వం, పొడుగాయన రెండో ప్రభుత్వం, డాక్టరు ప్రభుత్వం, నలభై రోజుల ప్రభుత్వం, అన్నదమ్ముల్లాంటి ఇద్దరు ఒకరినొకరు దింపుకున్న ప్రభుత్వాలు రెండు, చివరిది పంతులుగారిది. నేను బట్టలు మడతపెడుతుంటే వరసగా చెప్పుకుపోయేది. పొడుగాయన అబద్ధం చెప్పేముందు మంచినీళ్లు తాగేవాడు. నలభై రోజులాయన తన కుర్చీకి మెత్త వేయించుకున్నాడు, మెత్త వచ్చేసరికి పదవి పోయింది. ఏ ప్రభుత్వం ఏ బడికి కప్పు వేయించిందో, ఏ ఊరికి నీళ్లిస్తానని ఇవ్వలేదో, కాగితం చూడకుండా చెప్పేది.

"ప్రభుత్వం పడిపోయేటప్పుడు ఎలా ఉంటుంది సిన్యోరా?"

"చప్పుడుండదు. కుర్చీలు వెనక్కి జరుగుతాయి. ఒకాయన టోపీ మర్చిపోతాడు. నేను టైం రాసుకుంటాను."

అలా వింటూ వింటూ నాకు తెలియకుండానే ఆవిడంటే ఒక భయం లాంటి గౌరవం పట్టుకుంది. యూనిలో ప్రొఫెసర్ల దగ్గర కూడా అంత ఒళ్లు దగ్గరపెట్టుకుని మాట్లాడేదాన్ని కాదు.

ఆ ఏడే మా తెలుగు స్టూడెంట్లందరం కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాం. ఏడుగురం. ప్రెసిడెంటు ప్రవీణ్ అన్న, భీమవరం వాడు, అందరికన్నా ముందొచ్చినవాడు. కొత్తగా దిగినవాళ్లని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, రూములు వెతికిపెట్టడం, అన్నీ తనే చూసేవాడు. నన్ను సెక్రటరీని చేశారు, చేతిరాత బాగుంటుందని. ఆ సంగతి మాటల్లో సిన్యోరాతో అన్నాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"మినిట్స్ రాస్తున్నావా?"

"ఏదో, రెండు లైన్లు..."

"రెండు లైన్లా!" ఆవిడ గొంతు పెరగడం అదే మొదటిసారి. "అనుకున్నది రాయకు. అన్నది రాయి. ఎవరన్నారో రాయి. కాదన్నవాళ్లని ముందు రాయి, వాళ్లని అందరూ మర్చిపోతారు."

ఆ రోజునుంచి నన్ను అమ్మాయీ అనడం మానేసి "కొల్లేగా" అని పిలిచేది. తోటి ఉద్యోగి అని అర్థం. బాత్రూములు కడిగే నన్ను, ఏడు ప్రభుత్వాల సెక్రటరీ, తోటి ఉద్యోగి అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా నా నడుం దానంతటదే నిటారయ్యేది. మా కమిటీ మీటింగులకి పొడుగు రూళ్ల నోటుబుక్కు కొన్నాను. అందరూ వెటకారం చేశారు. అయినా రాశాను.

వేసవి సెలవులకి బీచ్ ట్రిప్ అనుకున్నాం. మీటింగులో ప్రవీణ్ అన్న ఒక బీచ్ పేరు చెప్పాడు. జనం ఉండరు, బార్బెక్యూ పెట్టుకోవచ్చు, పాటలు పెట్టుకోవచ్చు అన్నాడు. వరంగల్ నుంచి వచ్చిన రజిత చెయ్యెత్తింది.

"అన్నా, ఆ బీచ్ వద్దు. ఆడ లైఫ్‌గార్డులుండరు. పోయినేడు నేను చూసిన, నీళ్లు లోపలికి గుంజుతయ్. మనోళ్లల్ల సగం మందికి ఈత రాదు."

"అబ్బా రజితా, మోకాళ్ల దాకా దిగితే ఏమవుద్ది? చిన్నపిల్లలా ఏంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇద్దరి మాటలూ రాసుకున్నాను. కింద ఏడుగురం సంతకాలు పెట్టాం.

ఆ ట్రిప్‌లో సురేంద్ర పోయాడు. నంద్యాల అబ్బాయి, వచ్చి నాలుగు నెలలైంది. బంతి కోసం నాలుగడుగులు లోపలికి వెళ్లాడు. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. మేమంతా ఒడ్డున ఉన్నాం. అతని చెయ్యి రెండుసార్లు పైకి లేచింది, మేం అది చూసి సరదాకి ఊపుతున్నాడనుకున్నాం. అంతకంటే ఇప్పుడు రాయలేను.

అసహజంగా పోయిన ప్రతి ప్రాణం గురించీ ఇక్కడ కరోనర్ అనే అధికారి విచారణ చేస్తారు. వారం తిరక్కుండా మాకు ఉత్తరం వచ్చింది. ట్రిప్‌కి సంబంధించి కమిటీ దగ్గరున్న కాగితాలన్నీ ఇవ్వమని అడిగారు. ఆ మర్నాడు పొద్దున్నే ప్రవీణ్ అన్న మా ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగిపోయి, కళ్లు గుంటలు పడి, మనిషి సగమయ్యాడు.

"చెల్లెమ్మా, ఆ నోటుబుక్కు మళ్లీ రాసెయ్. రజిత అన్న ఆ ఒక్క ముక్క లేకుండా. ఏడుగురం మళ్లీ సంతకాలు పెట్టేస్తాం."

నోటుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇక్కడే ఉండిపోడానికి పెట్టుకున్న నా పీఆర్ ఫైలు లోపలుంది. ఇది బయటకొస్తే నా పని అయిపోయినట్టే. నేను కావాలని చేశానా? వాణ్ని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చిందే నేను. పోయినోడు ఎలాగూ తిరిగిరాడు కదమ్మా." చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నాకు మొదటి ఇల్లు చూసిపెట్టింది ఆ అన్నే. మొదటి నెల బియ్యం తెచ్చిచ్చింది ఆ అన్నే.

రజితకి ఫోన్ చేశాను. "నాకు భయమైతుందక్కా. నీ ఇష్టం" అంది.

శుక్రవారం ఆ నోటుబుక్కు బ్యాగులో పెట్టుకునే పనికి వెళ్లాను. సిన్యోరా నా మొహం చూసి చీపురు తీసుకోనివ్వలేదు. కూర్చోబెట్టింది. అంతా చెప్పాను.

"ఆ వాక్యం చదువు" అంది.

"తెలుగులో ఉంది సిన్యోరా."

"తెలుగులోనే చదువు."

చదివాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని వింది. తర్వాత బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"మూడో ప్రభుత్వం" అంది. "డాక్టరుది. అందరిలోనూ మంచివాడు ఆయనే. మా అమ్మకి ఆపరేషన్ చేసి బతికించినవాడు. ఆ ఉద్యోగంలో నన్ను ఉండనిచ్చినవాడు. ఒకరోజు సమావేశానికి ఇంజనీరు వచ్చాడు. ఫలానా వంతెన స్తంభం కింద నది తవ్వేస్తోంది, బరువు బండ్లు ఆపండి అన్నాడు. ఆపితే పైన రెండు ఊళ్ల పాలు కిందికి దిగవు. తర్వాత చూద్దామన్నారు. నేను రాశాను. సాయంత్రం డాక్టరు నా గదికొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఆ వాక్యం జనాన్ని ఊరికే భయపెడుతుందమ్మా, తీసెయ్యి అన్నాడు."

నేను ఆవిడ వంకే చూస్తున్నాను. ఏం జరిగిందో నాకు తెలుసనుకున్నాను. ఈ మనిషి ఎందుకు తీస్తుంది? కిటికీ తుడవలేదని రాసుకున్న మనిషి.

"తీసేశాను" అంది. "పన్నెండో పేజీ మళ్లీ టైపు కొట్టాను. పాతది పొయ్యిలో వేశాను. ఐదు నిమిషాలు పట్టింది."

ఆవిడ గోడ మీది ఫొటో వైపు తిరిగింది.

"ఆరో ప్రభుత్వంలో వంతెన కూలింది. అప్పుడు దాని మీద పాల వ్యాను ఉంది. డ్రైవరూ, అతని కూతురూ. ఆ పిల్లని బడి దగ్గర దింపుదామని ఎక్కించుకున్నాడు. ఏడో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. అందర్నీ పిలిచారు, ఇంజనీర్లని, మంత్రుల్ని. ఇంజనీరు చనిపోయాడు అప్పటికి. మాకెవరూ చెప్పలేదు అన్నారు మంత్రులందరూ. మినిట్స్ తెప్పించి చూశారు. పన్నెండో పేజీ శుభ్రంగా ఉంది."

"మిమ్మల్ని పిలిచారా?"

"మినిట్స్ రాసేవాళ్లని ఎవరు పిలుస్తారు? బల్లని సాక్ష్యానికి పిలుస్తారా? నేనే వెళ్లాను. పొద్దున మొదటి బస్సుకి. ఆ పేజీలో ఒక వాక్యం ఉండేది, నేను తీసేశాను అని చెప్పాను. కాగితం ఏదన్నారు. కాల్చేశానన్నాను. సాక్షి ఎవరన్నారు. నేనేనన్నాను."

"డాక్టరు?"

"ఎదురుగానే కూర్చున్నాడు. నా వంక చాలా దయగా చూశాడు. 'పాపం, ఆ పిల్ల చావు తట్టుకోలేక ఈ అమ్మాయి మనసు చెదిరింది' అన్నాడు. అందరూ ఆయన్నే నమ్మారు. నేనైనా ఆయన్నే నమ్మేదాన్ని. వారానికి నా ఉద్యోగం పోయింది. మా వీధిలో నన్ను చూస్తే కిటికీలు వేసుకునేవారు, డాక్టరు మీద నింద వేసిందని. ఇక్కడ అన్నయ్య ఉన్నాడు, గచ్చులు చేసే పని. వచ్చేశాను. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టాను."

నాకు ఉక్రోషం ఆగలేదు. "మరి ఏం లాభం సిన్యోరా? చెప్పి ఏం లాభం? ఎవరూ నమ్మలేదు కదా!"

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, ఇంత తేలిక ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు.

"నేను చెప్పింది వాళ్ల రికార్డులో ఉంది. అది రాసినాయన పెద్దవాడు, మంచి పనివాడు. ఒక్క మాట వదల్లేదు. సంతకం పెట్టేముందు నేను చదువుకున్నాను."

ఆ మాట చాలా మామూలుగా అంది. తననెవరూ అడగలేదు. ఋజువు లేదు. నోరు మూసుకుంటే పదవీ విరమణ దాకా ఆ మూల కుర్చీలో గౌరవంగా కూర్చునేది. తప్పు చేసింది, అంతే నిటారుగా వెళ్లి ఆ తప్పుని తన పేరుతో రాయించుకొచ్చింది. ఆ ఏడు ప్రభుత్వాల్లో ఎంతమంది మంత్రులో నాకు తెలియదు. వాళ్లలో ఒక్కడికైనా ఆ పని చేతనైందా?

"నన్నేం చెయ్యమంటారు?" అని అడిగాను.

"నేను సెక్రటరీని. సలహాలివ్వను" అంది.

ఆదివారం ప్రవీణ్ అన్న ఇంటికి వెళ్లాను. "అన్నా, నేను మార్చను. నువ్వే వెళ్లి చెప్పు. రజిత వద్దంది, నేనే వినలేదు అని. నేను నవ్వానని నేనూ చెబుతాను" అన్నాను. అతను తలుపు వేసేశాడు. మర్నాడు ఆ నోటుబుక్కు ఉన్నదున్నట్టు కరోనర్ ఆఫీసులో ఇచ్చాను. ఆ తర్వాత కమిటీలో నాతో మాట్లాడింది రజిత ఒక్కతే. నేనుండే ఇంట్లోవాళ్లు వేరే చోటు చూసుకోమన్నారు. దేశద్రోహి అన్నట్టు చూశారు. విచారణలో ప్రవీణ్ అన్న మొదట నాకు గుర్తులేదన్నాడు. రెండోరోజు తనే లేచి, గుర్తుంది అన్నాడు. ఎవరినీ జైల్లో పెట్టలేదు. స్టూడెంట్ గ్రూపులకి జాగ్రత్తలు చెప్పారు, బీచ్‌లో బోర్డు పెట్టించారు. అతని పీఆర్ ఆలస్యమైంది గానీ వచ్చింది. ఇప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే చోట ఉంటున్నాడని విన్నాను. మేం ఇప్పటికీ మాట్లాడుకోం.

చదువైపోయి సిడ్నీలో ఉద్యోగమొచ్చింది. నేనొచ్చిన రెండేళ్లకి సిన్యోరా పోయిందని వాళ్ల మేనకోడలు ఫోన్ చేసింది. నిద్రలో పోయిందట, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా. అంత్యక్రియలకి వెళ్లలేకపోయాను. నాకు మాత్రం ఆవిడ ఇంట్లో నా చివరి శుక్రవారమే గుర్తుంటుంది.

ఆ వారమే సురేంద్ర వాళ్లమ్మ నంద్యాల నుంచి నాకు ఫోన్ చేసింది. విచారణ కాగితాలు వాళ్లకి చేరాయి, ఎవరో తెలుగులో చదివి చెప్పారు. "రజిత అనే పాప వద్దనిందంట, నిజమేనామ్మా?" అని అడిగింది. అవునన్నాను. "మావోని గురించి ఒక్కరన్నా భయపడినారు" అంది. "అంత దూరంలో, ఒక్కరన్నా."

అది సిన్యోరాకి చెప్పాను. ఆవిడ కాఫీ కలిపి నా ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని తనే మొదలుపెట్టింది.

"నేను ఊరొదిలే రోజు స్టేషన్‌కి ఎవరూ రాలేదు. మా అమ్మ కూడా రాలేదు. రైలొచ్చాక వెనకనుంచి ఎవరో నా పెట్టె పట్టుకున్నారు. చూస్తే ఆ పాల వ్యాను డ్రైవరు భార్య."

"ఏమంది సిన్యోరా?"

"ఏమీ అనలేదు. నన్ను ఎక్కించి పెట్టె పైకందించింది. బయట మంచు పడుతోంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి నా కోటు పై బొత్తాం పెట్టింది, చిన్నపిల్లకి పెట్టినట్టు. రైలు కదిలేదాకా అక్కడే నిలబడింది."

చెబుతూ చెబుతూ తన మెడ దగ్గర, ఆ బొత్తాం ఉండే చోట, చెయ్యి పెట్టుకుంది. నేను వెళ్లేదాకా ఆ చెయ్యి అక్కడినుంచి తియ్యలేదు.